తాత పెరకనియ్యని గొట్టం

పెద్ద ఈరన్న నులకమంచాన్ని ఈడ్చుకొచ్చి వాకిలికి అడ్డంగా వేసి, దాని మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. బయట ఆటో హారన్ మోగుతూనే ఉంది.

“ఆటో పోతే పోనీప్పా. నా మనవరాలు మాత్రం ఈ పొద్దు గడప దాటదు.”

“నాయనా, డాక్టరమ్మ రమ్మనింది. కర్నూల్లో మన కోసం కాచుకోనుంటాది,” అన్నాడు కొడుకు నాగరాజ్. చేతిలో సంచి పట్టుకుని మంచానికి ఇవతలే ఆగిపోయాడు పాపం.

“కాచుకోనీ. బాగుపడిన బిడ్డను ఆస్పత్రికి పిల్చుకపోయే తెలివిగల్లోల్లు యాడన్నా ఉండారా?”

ఆ బాగుపడిన బిడ్డ భువన. తొమ్మిదేళ్ళది. రెండు జడలు వేసుకుని, కొత్త గౌను తొడుక్కుని గడప మీద కూర్చుంది. మత్తు ఇస్తారు కాబట్టి పొద్దున్నించీ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టనియ్యలేదు. పక్కింటి నుంచి బొరుగుల ఉగ్గాని తాలింపు వాసన వస్తుంటే ముక్కు ఎగబీలుస్తూ, తాత ముఖం వైపు ఒకసారి, నాయన ముఖం వైపు ఒకసారి చూస్తోంది.

వంటింటి తలుపు వెనక యశోద నిలబడి ఉంది. ఆమెకు ఒళ్ళంతా మండిపోతోంది. మండినా ఏం లాభం? ఈ ఇంటికి కోడలిగా వచ్చిన నాటి నుంచి ఆమె మామతో ఎదురుపడి ఒక్క మాట మాట్లాడలేదు. అది వాళ్ళ ఇళ్ళలో మర్యాద. చెప్పాల్సింది ఉంటే అత్త ఉంది. అత్త లేకపోతే భువన. భువన కూడా లేకపోతే కొట్టంలో ఎనుము. “ఎనుమా, సద్ది ఉట్టి మీద పెట్టినా, మీ ఆయప్పకు చెప్పు” అని గట్టిగా అనేసి యశోద చేనికి పోయేది. ఎనుము చెప్పినా చెప్పకపోయినా ఈరన్నకు సద్ది దొరికేది.

“అత్తా, మామకు చెప్పు,” అంది యశోద తలుపు వెనకనుంచి. “పాప బాగుపడింది గొట్టం వల్లనే. కాదనేదెవరు? గానీ దాన్ని ఉగాది లోపలే తీయల్లని డాక్టరమ్మ అప్పుడే చెప్పింది. ఉగాది పోయి మామిడికాయలు గూడా మాగొస్తాండాయి. ఇంగా పెట్టుకుంటే లోపల పూడుకపోతాదని నిన్న ఫోన్లో గూడా చెప్పింది.”

భీమక్క మొగుడి వైపు తిరిగింది. “ఇన్యావా? పూడుకపోతాదంట.”

“నాకేం చెవుడా? దానికి చెప్పు. తీస్తేనే పూడుకపోయేది. బోరు పూడిపోయిన సంగతి ఈ ఊర్లో నాకంటే బాగా తెలిసినోల్లు ఎవురన్నా ఉంటే రమ్మను.”

“ఇన్యావా యశోదా? తీస్తేనే పూడుతాదంట,” అంది భీమక్క ఇటు తిరిగి. ఆమె మెడ ఆ రోజు గానుగెద్దు కంటే ఎక్కువ తిరిగింది.

అసలు ఈ తంటా అంతా తెచ్చిపెట్టింది నాగరాజే. అది అతనికీ తెలుసు. అందుకే సంచిని కిందా మీదా చేస్తూ తల ఎత్తడం లేదు.

భువనకు ఊహ తెలిసినప్పటి నుంచీ కడుపునొప్పి. రెండు ముద్దలు తిన్నదా, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని ముడుచుకుపోయేది. వాంతులు చేసుకునేది. దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు, నులిపురుగులకు మందు తాగించారు, గ్యాస్ అన్నవాళ్ళ దగ్గర గ్యాస్ మాత్రలు కొన్నారు. చివరికి ఆ పిల్ల అన్నం పళ్ళెం చూస్తేనే ఏడ్చేది. అప్పుడు కర్నూల్లో డాక్టర్ సుప్రజ చూసి, కడుపులో వెనక దాక్కుని ఉండే క్లోమ గ్రంథిలో రాళ్ళున్నాయని చెప్పింది. తిన్నది అరగడానికి ఆ గ్రంథి రసం పంపిస్తుందనీ, రాళ్ళు దారికి అడ్డంపడి రసం వెనక్కి ఎగదన్నుతోందనీ చెప్పింది. కత్తి పెట్టకుండా, నోట్లోంచి సన్నని కెమెరా గొట్టం పంపి రాళ్ళు లాగేసింది. రసం సాఫీగా పారేందుకు లోపల చిన్న ప్లాస్టిక్ గొట్టం పెట్టి పంపింది.

ఈ సంగతంతా తండ్రికి ఎలా చెప్పాలో నాగరాజ్ ఆ రోజు శానాసేపు ఆలోచించాడు. ఆలోచించి, “బోరుకు కేసింగు దించినట్లే నాయనా” అన్నాడు. తన తెలివికి తానే మురిసిపోయాడు కూడా.

కేసింగు! పెద్ద ఈరన్న గుండెలో ముల్లు అది. వెనకటికి పై చేనులో వేసిన బోరులో నీళ్ళు దండిగా పడ్డాయి. కింది చేనులో ఇంకో బోరు వేస్తూ, ఉన్న కేసింగు పైపులు పనికొస్తాయి కదా అని మొదటి బోరులోవి పైకి లాగించాడు. లాగిన రాత్రే మన్ను కూలి బోరు పూడిపోయింది. కింది చేనులో పడినవి ఉప్పునీళ్ళు. తియ్యటి నీళ్ళ బోరును చేతులారా చంపుకున్నానని ఇప్పటికీ ఆ చేను గట్టున నడవడు. అలాంటి మనిషి దగ్గరికి పోయి, బిడ్డ కడుపులో కేసింగు ఉంది, దాన్ని పెరికించుకొద్దాం రమ్మంటే వస్తాడా?

పైగా ఆ గొట్టం వేసినాక భువన తిండి చూసి ఇల్లంతా మురిసిపోయింది. జొన్నరొట్టె తినింది. బొరుగుల డబ్బా ఖాళీ చేసింది. అవ్వ కొంగు చాటున బజ్జీ నోట్లో కుక్కుకుని తల్లికి దొరికిపోయింది. నూనెది పెట్టొద్దని డాక్టరమ్మ చెప్పింది కాబట్టి యశోద తిట్టింది గానీ, తిడుతూ తిడుతూనే నవ్వేసింది. తన కూతుర్ని తిండి దొంగతనానికి తిట్టే రోజు వస్తుందని ఆమె ఏనాడూ అనుకోలేదు.

“ఆకలైతాంది అవ్వా,” అంది భువన.

“చూడు! ఆకలంటాంది!” ఈరన్న మంచం మీద గుద్దాడు. “ఈ మాట కోసం ఎన్నేండ్లు కాచుకున్యామే భీమక్కా? ఆ మాట చెప్పిస్తాండే గొట్టాన్ని పెరికి పారేస్తారంట. నేను బతికుండంగా కాదు.”

ఈరన్న పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. నాగరాజ్ సంచి కింద పెట్టేశాడు. ఆటో అతను హారన్ మాని బీడీ ముట్టించాడు.

యశోదకు ఏడుపొచ్చింది. మామ మీద కోపంతో కాదు. నిన్న సందకాడ వీధిలో తొక్కుడుబిళ్ళ ఆడుతూ ఆడుతూ భువన ఒక్క క్షణం ఆగిపోయింది. రెండు చేతులూ కడుపుకు అదుముకుని ముందుకు వంగింది. మళ్ళీ లేచి ఏమీ జరగనట్టు గెంతింది. ఎవరూ చూడలేదు. యశోద చూసింది. ఆ వంగడం ఆమెకు కొత్తా? చీకట్లో కూడా గుర్తుపడుతుంది. రాత్రి నుంచీ ఆ మాట గొంతులోనే పెట్టుకుని ఉంది. బయటికి అంటే నిజమైపోతుందేమోనని భయం.

ఆమె పెరటి తలుపు తీసుకుని కొట్టంలోకి పోయింది. మూలన పాత డ్రిప్పు పైపుల చుట్ట పడి ఉంది. కొడవలితో జానెడు ముక్క కోసింది. ఇంటి పక్కనుంచి చుట్టూ తిరిగి, వీధి వైపు నుంచి వచ్చి మంచం ముందర నిలబడింది. మామకు ఎదురుగా.

“మామా,” అంది.

భీమక్క చెయ్యి నోటి మీదికి పోయింది. నాగరాజ్ కళ్ళు పెద్దవయ్యాయి. ఈరన్న వెనక్కి తిరిగి చూశాడు, తనను కాక ఇంకెవరినన్నా పిలిచిందేమోనని. వెనక భార్యా, కొడుకూ, మనవరాలే ఉన్నారు; ఇంకో మామ లేడు.

“ఇది ఊదు మామా.”

పైపు ముక్క అతని చేతిలో పెట్టింది. బిత్తరపోయిన మనిషి చెప్పిన పని చేస్తాడు. ఈరన్న దాన్ని నోట్లో పెట్టుకుని ఊదాడు. గాలి పోలేదు. ఇంకాస్త గట్టిగా ఊదాడు. బుగ్గలు పొంగాయి, కళ్ళు గుడ్లగూబ కళ్ళయ్యాయి. రవ్వంత గాలి అవతలికి రాలేదు.

“తాత బుగ్గలు బూరెల మాదిరి ఉండాయి!” భువన కిలకిలా నవ్వింది.

“ఇది కేసింగు కాదు మామా, డ్రిప్పు పైపు. మన కింది చేనులోదే,” అంది యశోద. “వేసినప్పుడు నీళ్ళు ఎంత బాగ పారినాయి! బాగ పారతాండాది కదా అని మనం తిరిగి చూడల్యా. ఉప్పు పట్టి పట్టి మూసుకపాయ. కొసకు ఉండే మిరపచెట్లు ఎండినాకనే మనకు తెలిసింది. పాప కడుపులో గొట్టం గూడా ఇంతే. దాంట్లో పారే రసం గట్టిపడి మూసుకపోతే, ఆ నొప్పి మళ్ళా వస్తాది. మళ్ళా ఏంది... వచ్చింది. నిన్న సందకాడ పాప ముడుచుకున్యాది మామా. ఒక్క నిమిషం. నేను చూసినా.”

ఈరన్న పైపు ముక్కను ఎండకు పట్టి కన్ను పెట్టి చూశాడు. లోపల తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది.

“నిజమేనా పాపా?” అన్నాడు.

“రవ్వంతే నొచ్చింది తాతా,” భువన తల దించుకుంది. “చెప్తే మీరంతా కొట్లాడతారని చెప్పల్యా.”

ఈరన్న భార్య వైపు తిరిగాడు. “దానికి చెప్పు...” అని ఆగిపోయాడు. గొంతు సవరించుకుని కోడలి వైపు తిరిగాడు. ఆ తిరగడం అతనికి బండి చక్రం తిప్పినంత కష్టమైంది. “రాత్రే ఎందుకు చెప్పల్యా యశోదా?”

“ఎవురికి చెప్పల్ల మామా? ఎనుముకా?”

మొదట నవ్వింది భీమక్క. ఆమెను చూసి నాగరాజ్, నాగరాజ్‌ను చూసి బయట ఆటో అతను. ఈరన్న మీసం కదిలింది, కదిలి ఇక ఆగలేదు. నవ్వి నవ్వి తువ్వాలుతో కళ్ళు తుడుచుకుని, మంచాన్ని తానే ఈడ్చి గోడకు ఆనించాడు.

“నేనూ వస్తా. పెరికినాక దాన్ని నాకు చూపియ్యల్ల. భీమక్కా, ఒక టెంకాయ సంచిలో వెయ్.”

“ఆస్పత్రికి టెంకాయ ఎందుకు?”

“వెయ్యమంటే వెయ్యే.”

* * *

డాక్టర్ సుప్రజ పెద్ద ఈరన్న ప్రశ్నలకు ఓపిగ్గా నిలబడింది.

“నువ్వు యా ఊరి బిడ్డవమ్మా?”

“మాది రాజంపేట పక్కన, పెద్దాయనా. మాదీ బోర్ల కింద సేద్యమే. అరటి పెడతాము.”

“అయితే నీకు తెలుస్తాది. గొట్టం పెరికితే మన్ను కూలదా?”

ఆమె నవ్వలేదు. అది యశోదకు శానా నచ్చింది. “మన్ను కాదు కదా పెద్దాయనా, ప్రాణముండే కండ. రాళ్ళు తీసేసినాము, దారి మూతి కొంచెం వెడల్పు చేసినాము. మామూలుగా దారి తనంతట తాను నిలబడతాది. పాత గొట్టం తీసినాక రంగుమందు పంపించి చూస్తాను. ఒకవేళ దారి ఇంకా సన్నగా ఉంటే కొత్త గొట్టం పెట్టాల్సి వస్తాది. అప్పుడు ఇంకొన్ని నెలలు ఈ తిప్పలు తప్పవు. అది లోపలికి పోతేనే తెలిసేది.”

భువనను తోపుడు మంచం మీద లోపలికి తీసుకుపోయారు. పోతూ పోతూ ఆ పిల్ల, “వచ్చేసరికి ఉగ్గాని పెట్టి ఉండల్ల” అని అవ్వకు ఆర్డరేసింది. తలుపు మూసుకుంది.

అప్పుడు అందరూ బెంచీ మీద వరసగా కూర్చున్నారు. భీమక్క కళ్ళు మూసుకుని రాఘవేంద్రస్వామిని తలచుకుంటోంది. ఇంట్లో అంతమంది నడుమ నోరు విప్పిన యశోదకు ఇక్కడ భయం పట్టుకుంది. తానే పట్టుబట్టి తెచ్చింది. మామ చెప్పిందే నిజమై, తీసినాక దారి మూసుకుపోతే? మళ్ళీ పళ్ళెం చూసి బిడ్డ ఏడిస్తే? ఆ తలుపు వైపు చూడలేక పక్కకు చూసింది.

పక్కన ఈరన్న నడుముకు తువ్వాలు బిగించి, ముడి కడుపు మీదికి నొక్కుకుని, ముందుకు వంగి కూర్చున్నాడు.

“ఏమైంది మామా?”

“ఏం లేదు. వాయువు. పొద్దున భీమక్క పెట్టిన రొట్టె పడల్యా.”

ఆ తువ్వాలు ముడి, ఆ వంగడం ఇంట్లో అందరికీ అలవాటే. తాత సోడా తాగుతాడు, వాము నములుతాడు, లేచి చేనికి పోతాడు. ఎవరూ పట్టించుకోరు. కానీ ఆ రోజు యశోద కళ్ళు ఎందుకో ఆ వంగిన వీపు మీదే కాసేపు ఆగాయి.

తలుపు తెరుచుకుంది. డాక్టర్ సుప్రజ చేతిలో చిన్న సీసా ఉంది. యశోద లేచి నిలబడింది.

“ఇదిగో పెద్దాయనా, మీరు అడిగింది.”

సీసాలో అగ్గిపుల్ల లావు గొట్టం. వేలంత కూడా లేదు. ఒక కొస తెల్లగా గట్టిపడి మూసుకుపోయి ఉంది. ఈరన్న చొక్కా జేబులోంచి డ్రిప్పు పైపు ముక్క తీసి సీసా పక్కన పెట్టి చూశాడు. దాన్ని ఇంత దూరం మోసుకొచ్చాడని ఎవరికీ తెలియదు.

“రెండూ ఒకటే,” అన్నాడు మెల్లగా. “కొత్తది వేసినావా తల్లీ?”

“వేయలేదు. వేసే పని పడలేదు.”

“అంటే... పారతాండాదా?”

“పారతాండాది పెద్దాయనా. దారి వెడల్పుగా, శుభ్రంగా ఉండాది.”

ఈరన్న సంచిలోంచి టెంకాయ తీసుకుని, ఆ వయసులో అంత గబగబా ఎలా నడిచాడో, వరండా దాటి ఆవరణలోకి పోయాడు. నీళ్ళు పడిన బోరు దగ్గర చేసినట్టే, చెప్పులు విడిచి, ఆకాశం వైపు చూసి, “గంగమ్మ తల్లీ!” అని ఒక్క అరుపు అరిచి అంచురాయి మీద టెంకాయ కొట్టాడు. నీళ్ళు చింది అక్కడ నిలబడ్డ నర్సు చీర తడిసింది.

“ఇది ఆస్పత్రి తాతా, గుడి కాదు!” అంది ఆమె.

“నీళ్ళు పడినాయమ్మా, మా పాపకు నీళ్ళు పడినాయి!” అని ఆమె చేతిలోనే మొదటి ముక్క పెట్టాడు. తర్వాత అక్కడున్న వాళ్ళందరికీ పంచాడు. ఏం నీళ్ళో, ఎక్కడ పడ్డాయో తెలియకపోయినా అందరూ కళ్ళకద్దుకుని తిన్నారు. నీళ్ళు పడ్డాయంటే ఆ సీమలో కాదనే మనిషి ఉండడు.

యశోద గోడకు ఆనుకుని ఏడ్చింది. కరువుతీరా ఏడ్చింది. భీమక్క ఆమె తల నిమురుతూ తానూ ఏడ్చి, ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు.

భువన మత్తులోంచి లేచి మొదట అడిగింది ఉగ్గాని. సాయంత్రం దాకా గంజే అని చెబితే మూతి ముడిచి, గంజి ఎన్ని గ్లాసులు తాగొచ్చని బేరం పెట్టింది.

అందరూ ఆ పడక చుట్టూ చేరి నవ్వుతుండగా డాక్టర్ సుప్రజ కుర్చీ లాక్కుని కూర్చుంది.

“ఒక మాట అడగల్ల. ఇంత చిన్న బిడ్డకు రాళ్ళెందుకు వచ్చినాయో తెలుసుకోవాల. కొన్ని ఇండ్లలో ఇది వంశంలోనే వస్తాది. ఒక తరాన్ని వదిలి ఇంకో తరాన్ని పట్టుకోవచ్చు గూడా. మీ ఇంట్లో ఎవరికన్నా చిన్నప్పట్నుంచీ ఇట్లాంటి నొప్పి ఉండాదా? తిన్నాక వచ్చి వీపులోకి పాకుతాది. ముందుకు వంగితే కొంచెం తగ్గుతాది.”

“లేదు మేడం,” అన్నాడు నాగరాజ్.

భీమక్క మొగుడి వైపు చూసింది. ఈరన్న చేతిలోని టెంకాయ చిప్పను, అందులో ఏదో పోగొట్టుకున్నట్టు, తిప్పి తిప్పి చూస్తున్నాడు.

“తాతకు ఉండాది,” అంది భువన. “తాత గూడా నా మాదిరే ముడుచుకుంటాడు. తువ్వాలు కట్టుకుంటాడు.”

“అది వాయువులే పాపా.”

“ఎప్పట్నుంచి పెద్దాయనా?” అంది డాక్టర్.

“ఎప్పట్నుంచంటే... చిన్నప్పట్నుంచీ ఉండేదే. మా నాయనకు గూడా ఉండె. మా ఇంటి వాయువు అది.” అనేశాక గాని తానేమన్నాడో అతనికి తెలియలేదు. చిప్ప కింద పెట్టి లేచాడు. “పాప బాగుండాది కదా. నాకు ఎనుముకు నీళ్ళు పెట్టే టైమైతాంది. ఎమ్మిగనూరు బస్సు పోతాది.”

గది వాకిట్లోకి పోయి ఆగిపోయాడు. యశోద అతని కంటే ముందే అక్కడికి చేరింది. ఇనుప స్టూలు ఈడ్చి వాకిలికి అడ్డంగా వేసి, దాని మీద కూర్చుంది.

ఈరన్న భార్య వైపు తిరిగాడు. “దానికి చెప్పే. మామకు అడ్డం కూర్చోగూడదని చెప్పు.”

భీమక్క నోట్లో టెంకాయ ముక్క ఉంది. నిదానంగా నమిలి మింగింది. “నువ్వే చెప్పుకో. ఇన్నేండ్లు మీ ఇద్దరి మాటలు మోసి మోసి నా మెడ పడిపాయ.”

“భయపడొద్దు తాతా,” పడక మీద నుంచి భువన ధైర్యం చెప్పింది. “నిద్దర పోతావు, లేస్తావు, అంతే. లేసినాక శానా ఆకలైతాది.”

డాక్టర్ సుప్రజ స్కానింగ్ గదికి ఫోన్ చేస్తోంది. ఈరన్న స్టూలు మీది కోడల్ని చూశాడు. ఆమె కళ్ళు దించలేదు.

“పక్క గదిలో మంచం వేసి ఉండాదంట మామా,” అంది యశోద. “పోయి పండుకో. ఈతూరి అడ్డంగా కాదు, నిలువుగా.”

ఈరన్న చెయ్యి మెల్లగా తువ్వాలు ముడి మీదికి పోయి, దాన్ని విప్పసాగింది.